‘కండ్లు తిరుగుతున్నయ్’ అంటె సూది ఒక్కటేనా? రోగం పేరు మన భాషల చెప్పేదెవరు?

మన ఊర్లల్ల ఎవలన్న ‘కండ్లు తిరుగుతున్నయ్’ అంటె జవాబులు తయారుగ ఉంటయ్. బీపీ డౌన్ అయ్యింది. ఒంట్ల రక్తం లేదు. గ్యాస్ తలకెక్కింది. మెడ నరం పట్టింది. పెండ్లి కాని ఆడపిల్ల అయితె ‘గాలి సోకింది’ అని తాయెత్తు కడ్తరు. ఆర్‌ఎంపీ కాడ ఒక సూది, ఒక గ్లూకోజు సీస, వారానికి గోళీలు. తగ్గితె మంచిదే. తగ్గకపోతె ఇగ అందరం ఫోన్ తీస్తం. ఆడ సుత గవే జవాబులు వీడియోలల్ల దొరుకుతయ్.

నాకు ఐదేండ్ల సంది కండ్లు తిరిగే రోగం ఉన్నది. మాది జనగామ దిక్కు ఓ పల్లె. ఇండ్లకు కరెంటు వైరింగ్ చేసుడు నా పని. నిచ్చెన ఎక్కకుంట ఆ పని నడువది. నా రోగానికి పేరు దొరికేటాలకు మూడేండ్లు పట్టింది. ఆ మూడేండ్లల్ల బీపీ చూసిన్రు, రక్తం చూసిన్రు, మెడకు ఎక్స్‌రే తీసిన్రు, తలకు స్కానింగ్ చేసిన్రు. అన్నీ నార్మల్. రిపోర్టు నార్మల్ వస్తె ఇంట్ల సంబురపడ్డరు గని నాకు భయం ఎక్కువైంది. రోగం లేదని కాయితం చెప్తది, లేచి నిలబడితె భూమి కదులుతది. ఏది నమ్మాలె?

నా గోస చెప్పుకునేటందుకు ఇది రాస్తలేను. ఇదే రోగం గురించి ఇంగ్లీషుల వెతికేటోనికి ఒక్క పూటల నాలుగైదు పేర్లు, వాటి గుర్తులు, పరీక్షలు కనపడ్తయ్. తెలుగుల వెతికేటోనికి అల్లం రసం, మెడ పట్టీ కనపడ్తయ్. చేతుల ఫోన్ అదే, డేటా ప్యాక్ అదే. మరి ఈ తేడా ఎక్కడికెళ్లి వస్తున్నది? దీంతోని ఎవలకు నష్టం, ఎవలకు లాభం? ఆ ముచ్చట మాట్లాడుకుందాం.

ఒక్క మాట కింద ఐదు రోగాలు

మన భాషల ఈ బాధకు మాటలు తక్కువేం లెవ్వు. గిర్రున తిరుగుడు వేరు, తూలుడు వేరు. కండ్లకు చీకట్లు వచ్చుడు వేరు, నెత్తి తేలినట్టు ఉండుడు వేరు, సోయి తప్పుడు వేరు. మా నాయనమ్మ వీటిని దేనికది వేరుగ చెప్పేది. దవాఖానకు పోయేటాలకు మాత్రం అన్నీ కలిసి ‘కండ్లు తిరుగుతున్నయ్ సార్’ అయితయ్. సార్ బీపీ చూసి చీటి రాస్తడు. మనం ఫోన్ల ‘కళ్లు తిరగడం తగ్గాలంటే’ అని కొడ్తం. రోగాన్ని పట్టిచ్చే తేడా అంతా ఆడనే పోతది.

ఈ ఒక్క మాట కింద ఏమేం దాగి ఉన్నయో చూడుండ్రి.

మొదటిది బీపీపీవీ. పేరుల బీపీ ఉన్నది గని దీనికి రక్తపోటుతోని సంబంధం లేదు. మన చెవి లోపల ఒంటి నిలకడను చూసుకునే భాగం ఒకటి ఉంటది. అందుల సున్నపురాయి అసొంటి సన్నటి పలుకులు ఉంటయ్. అవి ఉండాల్సిన జాగల నుంచి ఊడి, పక్కనున్న వంపు గొట్టాలల్ల పడితె లోకం గిర్రున తిరుగుతది. పండుకున్నప్పుడు, మంచం మీద పక్కకు ఒరిగినప్పుడు, పైన అటక దిక్కు చూసినప్పుడు వస్తది. ఎక్కువల ఎక్కువ నిమిషం. తర్వాత ఆగిపోతది.

రెండోది మినియర్స్ రోగం. 1861ల పారిస్ డాక్టరు ప్రాస్పర్ మినియర్ దీని గురించి చెప్పిండు. అప్పటిదాంక ఇసొంటి తిరుగుడు మెదడు రోగమనే అనుకునేటోళ్లు. కాదు, చెవి లోపల నుంచి సుత వస్తదని ఆయన అన్నడు. ఇందుల తిరుగుడు 20 నిమిషాల నుంచి 12 గంటల దాంక ఉంటది. ఒక చెవి నిండినట్టు అయితది, గుయ్యిమంటది, వినుడు తగ్గుతది, మళ్ల వస్తది.

మూడోది వెస్టిబ్యులర్ మైగ్రేన్. అంటె తలనొప్పి మైగ్రేనే, తిరుగుడు రూపంల వచ్చేది. 5 నిమిషాల నుంచి 72 గంటల దాంక ఉంటది. వెలుగు పడది, సప్పుడు పడది. తిరుగుడు వచ్చినప్పుడల్లా తలనొప్పి రావాలని ఏం లేదు. అందుకే చానమందికి ఇది మైగ్రేన్ అని తట్టనే తట్టది. దీన్ని ఎట్ల గుర్తుపట్టాలె అనే లెక్కలను బారానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పి సొసైటీ కలిసి 2012ల ఖరారు చేసినయ్. అంటె డాక్టర్లకు సుత ఇది కొత్త ముచ్చటనే.

నాలుగోది పీపీపీడీ. ఇందుల గిర్రున తిరుగది. నెత్తి తేలుతున్నట్టు, పడవల నిలబడ్డట్టు ఉంటది. మూడు నెలలు, అంతకన్న ఎక్కువ, దాదాపు రోజూ ఉంటది. నిలబడితె, నడిస్తె, అంగట్ల జనం మధ్యల తిరిగితె ఎక్కువైతది. ఎక్కువగ ఇంకో చక్కర్ రోగమో, పెద్ద భయమో వచ్చి పోయినంక ఇది మిగిలిపోతది. అసలు రోగం తగ్గినా మెదడు ఇంకా ‘పడిపోతవ్, పడిపోతవ్’ అని కాపలా కాస్తనే ఉంటది. దీనికి పేరు, లెక్క ఖరారైంది 2017ల. నాకు ఉన్నవి ఈ మూడోది, నాలుగోది.

ఐదోది మనకు అందరికి తెల్సిందే. లేచి నిలబడంగనే కండ్లకు చీకట్లు వచ్చుడు. రక్తం తక్కువున్నా, ఎండల నీళ్లు తాగక పనిచేసినా, బీపీ గోళీ డోసు ఎక్కువైనా వస్తది. 2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌ల 58.8 శాతం. కాబట్టి ‘ఒంట్ల రక్తం లేదు’ అనే మాట ఉత్త పుకారేం కాదు. అందరికీ అదే మాట చెప్పి పంపుడు తప్పు. ఇంకోటి సుత ఉన్నది. పత్తి చేన్ల పురుగు మందు కొట్టినంక తల తిరిగితె, వాంతి అయితె, చెమటలు పడితె అది పై ఐదింట్ల ఏదీ కాదు. అది విషం ఎక్కుడు. డబ్బా పట్టుకొని వెంటనే దవాఖానకు ఉరకాలె.

వీటిల ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. గొట్టంల పడ్డ పలుకులను గోళీ తీయలేదు. రక్తం తక్కువున్నామెకు మైగ్రేన్ మందు ఏం చేస్తది? అయినా గని మన దగ్గర అన్నిటికి ఒక్కటే చీటి.

గోళీ అమ్ముడుపోతది, తల తిప్పుడు అమ్ముడుపోదు

బీపీపీవీని కనిపెట్టే పరీక్షకు మిషన్ అక్కర్లేదు. ఒక మంచం చాలు. డాక్టరు మనల్ని కూసోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, జల్దిన వెనుకకు పండుకోబెట్టి కండ్లు చూస్తడు. రోగం ఉంటె కండ్లు ఒక లెక్క ప్రకారం కొట్టుకుంటయ్. దీన్ని డిక్స్-హాల్‌పైక్ పరీక్ష అంటరు. 1952 సంది ఉన్నది. అంటె మన తాతల కాలం పరీక్ష.

చికిత్సకు సుత మందు అక్కర్లేదు. తలను ఒక వరుసల తిప్పుకుంట, పండుకోబెట్టి, ఒరగబెట్టి, లేపితె ఆ పలుకులు జారి తమ జాగకు పోతయ్. కొన్ని నిమిషాల పని. చానమందికి ఒకట్రెండు సార్లకే నయమైతది, కొందరికి కొన్నాళ్లకు మళ్ల రావొచ్చు. ఈ పద్ధతిని అమెరికాల జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు తయారుచేసిండు. 1980ల తోటి డాక్టర్లకు చూపెట్టిండు. నమ్మినోళ్లు తక్కువ. ఆయన వ్యాసం వైద్య పత్రికల అచ్చయ్యేటాలకు 1992 వచ్చింది. తల తిప్పితె రోగం పోతదంటె డాక్టర్లకే నమ్మబుద్ధి కాలేదు మరి. ఇప్పుడు లోకమంతట అదే మొదటి చికిత్స.

మరి గోళీల సంగతి? అమెరికా చెవి-ముక్కు-గొంతు డాక్టర్ల సంఘం 2017ల ఇచ్చిన మార్గదర్శకాలల్ల, బీపీపీవీకి చక్కర్‌ను అణిచే మందులు మామూలుగ వాడొద్దని సాఫ్‌గ రాసింది. ఈ మందులు తిరుగుడు, వాంతులు జోరుగ ఉన్న ఒకట్రెండు రోజులకు పనికొస్తయ్. నెలలకు నెలలు మింగితె మెదడు తనకు తాను నిలకడ నేర్చుకునే పని మందగిస్తది. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ అసొంటి మందులను పెద్ద వయసోళ్లు ఎక్కువ కాలం వాడితె చేతులు వణుకుడు, నడక గట్టిపడుడు రావొచ్చు. అవ్వకు కొత్తగ వణుకు వచ్చిందంటె పాత చీటి ఒకసారి డాక్టరుకు చూపెట్టుండ్రి. గోళీలు మీ అంతట మీరు బంద్ చెయ్యొద్దు, అడిగి చెయ్యాలె.

బీటాహిస్టిన్ అనే గోళీ మన మెడికల్ షాపులల్ల ఈ బాధకు మస్తు పోతది. జర్మనీల 221 మంది మినియర్స్ రోగుల మీద తొమ్మిది నెలలు పరీక్ష చేసిన్రు. కొందరికి తక్కువ డోసు, కొందరికి ఎక్కువ డోసు, కొందరికి మందు లేని ఉత్త గోళీ ఇచ్చిన్రు. మూడు గుంపులల్ల సుత చక్కర్లు తగ్గినయ్, ఒకే తీరుగ తగ్గినయ్. అంటె మందుకు, ఉత్త గోళీకి తేడా కనపడలేదు. 2016ల ఈ సంగతి అచ్చయ్యింది. గోళీ మింగినంక తగ్గింది కాబట్టి గోళీతోనే తగ్గింది అనుకునుడు ఎంత మోసమో దీన్ని చూస్తె తెలుస్తది.

ఇగ ఆలోచించుండ్రి. ఐదు నిమిషాలు తల తిప్పుతె పోయే రోగానికి ఏడాది పొడుగు గోళీలు ఎందుకు నడుస్తున్నయ్? గోళీకి కంపెనీ ఉన్నది, ఏజెంటు ఉన్నడు, షాపు ఉన్నది. తల తిప్పుడుకు ఎవలున్నరు? రద్దీ ఓపీల డాక్టరుకు పేషంటును పండుకోబెట్టి చూసే తీరిక ఉండది. ఆర్‌ఎంపీకి ఆ పరీక్ష నేర్పినోళ్లు లేరు. ఇందుల ఎవలో ఒక్కలు దొంగలని నేను అంటలేను. పైసలు వచ్చే దారి వెంబడి సమాచారం నడుస్తదని అంటున్న.

ఫోన్ల దొరికేది ఏంది?

ఇదే సూత్రం ఫోన్ల సుత పనిచేస్తది. మనం కొట్టిన మాటకు దగ్గరున్నది, ఎక్కువమంది చూసింది పైకి వస్తది. ‘ఒక్క గ్లాసుతో జన్మల కళ్లు తిరగవు’ అన్న వీడియోకు లక్షల మంది ఎగబడ్తరు. ‘మీకు తిరిగేది ఎంతసేపు?’ అని అడిగే వీడియోను ఎవలు చూస్తరు? రెండోదే నిజమైన వైద్యం. మొదటిది ముందు కనపడ్తది.

చట్టాలు లేక కాదు. మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం 1954 సంది ఉన్నది. బీపీ, చెవుడు, షుగరు అసొంటి రోగాలు మా మందుతోని నయమైతయని ప్రకటన ఇచ్చుడు నేరం. 2023 ఆగస్టుల కేంద్ర వినియోగదారుల శాఖ కొత్త నియమాలు తెచ్చింది. ఆరోగ్యం గురించి వీడియోలు చేసే అర్హతున్న డాక్టర్లు తమ అర్హత చెప్పాలె, డాక్టర్లు కానోళ్లు తమ మాట డాక్టరు సలహాకు బదులు కాదని సాఫ్‌గ చెప్పాలె. 2024ల సుప్రీంకోర్టు పతంజలి ప్రకటనల కేసుల సీరియస్ అయితె, బాబా రాందేవ్, ఆచార్య బాలకృష్ణ పత్రికలల్ల క్షమాపణ చెప్పుకున్నరు. గింత జరిగినా మన వాట్సాప్ గ్రూపులకు అల్లం రసం ఆగలేదు. తప్పుడు ముచ్చటను కొట్టేసినంత మాత్రాన మంచి ముచ్చట దానంతట అది పుట్టది. తెలుగుల మంచి ముచ్చటను ఎవలో ఒకలు తయారు చెయ్యాలె.

ఇంకో తిరకాసు ఉన్నది. పీపీపీడీ, మైగ్రేన్ చక్కర్ ఉన్న చానమందికి ఫోన్ తెర మీద అక్షరాలు జరజర జరుగుతె తల తిరుగుడు పెరుగుతది. నాకైతె పది నిమిషాలు స్క్రోల్ చేస్తె పొట్టల తిప్పుతది. తెర చూస్తె పెరిగే రోగానికి తెరల వెతుక్కొమ్మని చెప్తున్నం మనం. అందుకే ఈ రోగం గురించి చదివేదానికన్న వినేది ఎక్కువ రావాలె. కండ్లు మూసుకొని వినేటట్టు, మన యాసల, ఐదు నిమిషాల ఆడియో. రేడియో కాలంల ఇది చాతనైంది, ఇప్పుడెందుకు చాతకాదు?

ఏఐ యాప్‌లను సుత ఇప్పుడు మన పోరగాళ్లు తెలుగుల అడుగుతున్నరు. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అని ఒక్క ముక్క అడిగితె మెదడు గడ్డ దాంక పది కారణాలు వరుసబెట్టి చెప్తది, ఆ రాత్రి నిద్ర పోతది. ఎంతసేపు, ఎప్పుడు, దేనితోని అని వివరంగ అడిగితె జర మేలు. అయినా అది మిమ్మల్ని మంచం మీద పండుకోబెట్టి కండ్లు చూడలేదు. దాని మాటను డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు తయారు చేసుకునేటందుకు వాడుకోవాలె, గోళీ కొనేటందుకు కాదు.

కనపడని రోగానికి కాయితం లేదు

కాలు ఇరిగితె కట్టు కనపడ్తది. జెరమొస్తె ఒళ్లు కాలుతది. చక్కర్ రోగికి బయట ఏం కనపడది. ‘మంచిగనే ఉన్నవ్ గద, పనికి ఎందుకు పోవు?’ అంటరు. తాటిచెట్టు ఎక్కే గౌడన్నకు, గోడ మీద నిలబడే మేస్త్రికి, ఆటో నడిపే తమ్మునికి, నాట్లేసేటప్పుడు దినమంత వంగి లేచే అక్కకు ఈ రోగం వచ్చిందంటె కూలి పోతది. ఉట్టిగ పోదు, ‘పని దొంగ’ అనే పేరు పెట్టి పోతది. ఆడపిల్లకు వస్తె పెండ్లి సంబంధాలల్ల దాచిపెడ్తరు. దాచిపెట్టిన రోగానికి వైద్యం ఎట్ల అయితది?

నేను ఇప్పుడు నిచ్చెన ఎక్కుత లేను. మా తమ్ముడు ఎక్కుతడు, నేను కింద బోర్డు పని, లెక్కల పని చూస్త. ఇద్దరం చేసే పనికి ఒక్క కూలే వస్తది. మందు ఖర్చు కన్న ఈ నష్టమే పెద్దది. దీన్ని ఏ దవాఖాన లెక్కల రాయరు.

2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంల ఏడే ఉండె. చెవుడు ఆ లిస్టుల ఉన్నది. అదే చెవి లోపల ఉండే నిలకడ దెబ్బతింటె, దాని పేరు లిస్టుల లేదు. అందుకే సదరం క్యాంపుకు పోతె ఏ గడిల రాయాలో వాళ్లకు తెల్వది. తెలంగాణల 2023ల దివ్యాంగుల పింఛన్ 4,016 రూపాయలకు పెరిగింది, ఆంధ్రప్రదేశ్‌ల 2024ల 6,000 అయ్యింది. చక్కర్ వచ్చిన ప్రతి ఒక్కలకు పింఛన్ ఇయ్యాలని నేను అంటలేను. ఇందుల చానా రకాలు తగ్గేటియే. తగ్గని మినియర్స్‌తోని, దినాం పడిపోయే మనిషికి కొలిచే గడి ఒకటన్న ఉండాలె గద.

ఫోన్‌ను ఇట్ల వాడుకోండ్రి

తమ్ముండ్లు, చెల్లెండ్లు, మీ ఇంట్ల ఎవలకన్న ఈ బాధ ఉంటె వెతికే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. ఒకటి, తిరిగేది ఎంతసేపు: సెకండ్లా, గంటలా, రోజులా, దినాం ఉంటదా? రెండు, దేనితోని మొదలైతది: పక్కకు ఒరిగితెనా, లేచి నిలబడితెనా, ఉత్తగనే వస్తదా? మూడు, చెవిల ఏమన్న తేడా ఉన్నదా: గుయ్యిమనుడు, వినుడు తగ్గుడు? నాలుగు, తోడుగ ఇంకేమొస్తది: తలనొప్పి, వెలుగు పడకపోవుడు, వాంతి? ఈ నాలుగు జవాబులు ఒక కాయితం మీద రాసుకొని పోతె డాక్టరు సగం పని అయినట్టే. నోటికి వచ్చిన మన మాటలల్లనే రాయుండ్రి. ‘గిర్రున’ అని, ‘తేలినట్టు’ అని, ‘చీకట్లు’ అని రాస్తె చాలు. ఇంగ్లీషు అక్కర్లేదు.

రెండో పని, చక్కర్ వచ్చినప్పుడు దగ్గరున్నోళ్లు ఫోన్ తీసి ఆ మనిషి కండ్లను వీడియో తీయుండ్రి. కండ్లు తెరిచి ఉంచాలె, వెలుతురు ఉండాలె, అర నిమిషం చాలు. నిజంగ చెవి రోగమైతె కండ్లు సన్నగ కొట్టుకుంటయ్. దవాఖానకు పోయేటాలకు అది ఆగిపోతది, డాక్టరుకు కనపడది. ఆ వీడియో ఒక్కోపారి స్కానింగ్ కన్న ఎక్కువ చెప్తది. ఫోన్ల వెతుకుడు కన్న ఫోన్‌తోని తీసుడే మేలు అని నేను చెప్పేది ఇందుకే.

మూడోది, తల తిప్పే చికిత్స వీడియోలు చూసి ఇంట్ల మొదలుపెట్టొద్దు. ఏ చెవి అన్నది ముందు తేలాలె. తప్పు దిక్కు చేస్తె పని కాదు. మెడ, వెన్ను బాధలున్నోళ్లకు ప్రమాదం సుత. ఒకసారి డాక్టరు కాడ చేపిచ్చుకొని, ఇంట్ల ఎట్ల చెయ్యాలో అడిగి నేర్చుకుంటె తర్వాత అక్కరకొస్తది.

నాలుగోది యాది మరువొద్దు. తిరుగుడుతోని పాటు మాట ముద్దగ వస్తె, మూతి వంకర పోతె, చెయ్యి కాలు పడిపోతె, ఒకటి రెండుగ కనపడితె, అస్సలు నిలబడలేకపోతె, ఎన్నడూ లేని తలనొప్పి ఒక్కసారి వస్తె, అది చెవి ముచ్చట కాదు. పక్షవాతం కావొచ్చు. 108కి కొట్టుండ్రి. గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల లోపల పడాలె. ఆడ వీడియోలు వెతుక్కుంట కూసుంటె మనిషి దక్కడు.

దూరం పోలేనోళ్లు ఈ-సంజీవనిల పైసలు లేకుంట ఫోన్ల డాక్టరుతోని మాట్లాడొచ్చు. ఫోన్ల పరీక్ష కాదు గని, ఏ డాక్టరు కాడికి పోవాలె అన్నది తేలుతది.

నా సంగతి అడిగితె, పేరు తెల్సినంక దారి దొరికింది. పొద్దు తప్పకుంట తిండి, నిద్ర. మైగ్రేన్‌కు న్యూరో డాక్టరు ఇచ్చిన గోళీ. దినాం పొద్దుగాల తల, కండ్లు కదిలించే కసరత్తులు. ఈ కసరత్తులు కొత్తవేం కావు. రెండో ప్రపంచ యుద్ధం రోజులల్ల ఇంగ్లాండుల కాథోర్న్, కుక్సీ అనే డాక్టర్లు తలకు దెబ్బలు తగిలినోళ్లకోసం మొదలుపెట్టిన్రు. మొదట్ల వీటితోని చక్కర్ పెరుగుతది. అది చూసి చానమంది ఇడిచిపెడ్తరు. మెల్లమెల్లగ పెంచుకుంట పోతె మెదడు మళ్ల నేర్చుకుంటది. నాకు పూర్తిగ పోలేదు. వారంల నాలుగైదు రోజులు మంచిగ ఉంట, రెండు రోజులు గోడ పట్టుకొని నడుస్త. కాకపోతె ఇప్పుడు భయం లేదు.

అడగాల్సింది ఏంది?

తెలంగాణల దాదాపు ప్రతి జిల్లాకు సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. ప్రతి కాలేజీల చెవి-ముక్కు-గొంతు విభాగం ఉండాల్సిందే. వారంల ఒక్క పూట ‘చక్కర్ ఓపీ’ పెడితె కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, కొత్త మిషన్ అక్కర్లేదు. మంచం ఉన్నది, డాక్టరు ఉన్నడు, నేర్చుకునే పిల్లలు ఉన్నరు. ఆడ నేర్చుకున్న పరీక్షను పీహెచ్‌సీ డాక్టర్లకు నేర్పొచ్చు. ఆశ అక్కలకు ఆ నాలుగు ప్రశ్నలు, పక్షవాతం గుర్తులు నేర్పితె, ఎవలను 108ల పంపాలె, ఎవలను ఓపీకి పంపాలె అన్నది ఊర్లెనే తేలుతది.

అర్హత లేని క్లినిక్‌ల మీద మెడికల్ కౌన్సిల్ తనిఖీలు చేసి కేసులు పెడ్తున్నది. పెట్టనీయుండ్రి. గని నడిజాము రాత్రి అవ్వకు ఇల్లంత గిర్రున తిరిగితె తలుపు కొట్టేది ఆర్‌ఎంపీదే. ఆ ఇంటి దాంక సర్కారు డాక్టరు రానంత కాలం, కేసులతోని సూదులు ఆగవు.

ఇగ భాష ముచ్చట. రోగం పేర్లను గ్రాంథికంల తర్జుమా చేసి వెబ్‌సైట్ల పెడితె ఎవలు చదువుతరు? ‘శిరోభ్రమణం’ అని మా ఊర్లె ఎవలూ అనరు. జనం నోట్ల ఉన్న మాటలను పట్టుకొని, ఏ మాట ఏ రోగం దిక్కు చూపెడ్తదో చెప్పాలె. ఆ పని మెడికల్ కాలేజీల చదివే మన పల్లె పిల్లలు చెయ్యగలుగుతరు. వాళ్లకు రెండు భాషలూ వచ్చు, అవ్వ మాట, పుస్తకం మాట. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక ఐదు నిమిషాల ఆడియో మన యాసల చేసి ఊరి గ్రూపుల వేస్తె, అల్లం రసం వీడియో కన్న జర ఎక్కువ పుణ్యం దక్కుతది.

అప్పటిదాంక మనం చేసేది ఒకటున్నది. రేపు మీ ఇంట్ల ఎవలన్న ‘కండ్లు తిరుగుతున్నయ్’ అంటె ‘బీపీ డౌనేమో’ అనకుండ్రి. ‘ఎట్ల తిరుగుతున్నయ్? ఎంతసేపు?’ అని అడుగుండ్రి.